బిల్టోళ్లు

యూనివర్సిటీ నుంచి వచ్చిన పిల్ల
మా రేకుల వసారాలో కూర్చుని
ఫోను నేలమీద వెల్లకిలా పెట్టి అడిగింది:
"ఆ మాట యాడ నుంచి వచ్చిందన్నా?"
ఏ మాటో చెప్పలేదు.
నోటికి అంటుతుందని గాబోలు.

బిల్టోళ్లు.
నేనే పలికినా.
ఫోనులో ఎర్రచుక్క అదరలేదు, బెదరలేదు.

గుంతకల్లులో మూడో గేటు అవతల
పట్టాలకూ మురుగుకాలవకూ నడుమ
నలభై ఇండ్లు మావి.
పేరు ఊరు పెట్టింది.
పెట్టినోడెవడో ఊరికే తెలీదు.

కుళ్లాయప్ప సారు లెక్క ఇది:
కరువులో మీ పెద్దలు తుంగభద్ర అవతల నుంచి
గూడ్సు పెట్టెలో వచ్చినారు.
మనుషులకు టిక్కెట్టు, సరుకుకు బిల్టీ.
తలకాయలు లెక్కబెట్టి బస్తాల కింద రాసుకున్నారు.
ఆ కాగితం చూసినారా సారూ?
చూసినోళ్లను చూసినా, అన్నాడు.

సిన్నాయన పెన్నోబిలేసు ఒప్పుకోడు.
గ్యాంగు పనిలో మొలతాడుకు కట్టుకునే
ఇత్తడి నెంబరు బిల్ల, దాన్నించి వచ్చింది అంటాడు.
బిల్లోళ్లు కదా మరి, నడుమ టకారం యాడిది?
అది సుత్తె దెబ్బరా, అంటాడు.
తాగిన రాత్రి ఇంకో కథ చెప్తాడు:
ఈ లైను కట్టింది మనమే,
దొర చూసి "బిల్టు, బిల్టు" అని మెచ్చుకున్నాడని.
ఆ కథలో దొర మా తాత భుజం తడతాడు.
తెల్లారితే ఆ దొర ఉండడు.

నగల అంగట్లో షరాబు కొడుకు నవ్వుతా చెప్పినాడు:
గిల్టు అబ్బా, గిల్టు. మీ ఆడోళ్ల మెడలు చూడు.
గిల్టోళ్లు అనబోయి ఎవడికో నాలుక మడతపడింది.
అంత సులువుగా మడతపడే నాలుక
సరైన మాటకు ఒక్కసారీ మడతపడలేదేం?

పిల్ల అన్నీ రాసుకుంది. ఏదీ కొట్టేయలేదు.
"నాలుగూ కావొచ్చు, ఒక్కటీ కాకపోవచ్చు" అంది.
ఆమెకు అదే సంతోషంగా ఉన్నట్టుంది.

తొమ్మిదో తరగతిలో నా దోస్తు జిలాన్
"ఒరే బిల్టోడా" అని భుజం మీద చెయ్యేసేటోడు.
తిట్టో ముద్దో
ఆ చెయ్యి బరువును బట్టి తెలుసుకోవాల.
ఒక్కోనాడు తెలిసేది కాదు.

అంతసేపూ ఉలిగమ్మవ్వ పొయ్యికాడ
ఉగ్గానికి బొరుగులు తడుపుతా ఉంది.
పిడికిట పిండి, ఎవరూ అడక్కుండానే అంది:
"నాకప్పుడు ఏడేండ్లు.
ఇంజను నీళ్లు తాగినంక కారే నీళ్లకు బొక్కెన పెట్టినా.
ఒకామె ఆ మాటని, కాలితో తన్నింది.
ఆపొద్దు పుట్టింది అది.
అంతకు ముందు యాడుండెనో నాకేల?"

సొట్ట బొక్కెన ఇంకా ఉంది.
ఫోటో తీసుకుంటానంది పిల్ల.
దాంట్లో కోడి పొదుగుతాంది, లేపొద్దంది అవ్వ.

ఇప్పటి పిల్లోళ్లు వేరే.
క్రికెట్ బనీన్ల ఈపున అదే అచ్చేయించుకున్నారు,
బిల్టీ లెవెన్.
వాళ్లలో వాళ్లు అనుకుంటే నవ్వు.
గేటు ఇవతలోడు అంటే స్టంపులు పీకుతారు.

ఒకటి మాత్రం ఆ పిల్లకు చెప్పలేదు.
మొన్న నడెండలో
ఆరెంజి జాకెట్ల కుర్రోళ్లు,
బీహారో ఒడిశానో, నేను అడగలేదు,
పట్టాల కింద కంకర పరిచే కాంట్రాక్టు పని,
మా కొళాయి కాడ వరసలో నిలబడినారు.
ఒకడి సీసా నా బిందెకు తగిలింది.
వెతుక్కోకుండానే వచ్చింది నోటికి,
బిల్టోళ్లు.

తెలుగు రాని పిల్లోడు
తలెత్తి నా మొగం చూసినాడు.
అర్థం అడగలేదు.
సీసా పక్కకు జరుపుకున్నాడు.

నిన్న పిల్ల మళ్లీ ఫోను చేసింది,
ఐదో కథ ఏదన్నా దొరికిందా అన్నా అని.
రైలు పోతాంది, వినపడలేదమ్మా, అని పెట్టేసినా.
రైలేమీ పోవట్లేదు.